చివరి చూపుకు తెచ్చిన కూర

మా అమ్మ సారమ్మ ఇంకా బతికే ఉంది. ఈ మాట మా చుట్టాలకు గట్టిగా చెప్పాలి, ఎందుకంటే వాళ్ళు ఆమెను రెండు నెలల కిందటే చంపేశారు.

గద్వాల చుట్టుపక్కల విత్తన పత్తి చేలల్లో అమ్మది క్రాసింగ్ పని. మగపువ్వు తెచ్చి ఆడపువ్వు మీద రుద్దడం, ఎండ ముదిరేలోపు చాళ్ళు ముగించడం. తొమ్మిదేళ్ళ కిందట రొమ్ము క్యాన్సర్ వస్తే హైదరాబాదులో రొమ్ము తీసేశారు. మరుసటేడు అమ్మ మళ్ళీ చేలోనే ఉంది.

ఈ వానాకాలం ఆమె నాలుక పక్కన పుండు లేచింది. మా చిన్నాయన దేవదాసు ఒక్కసారి నోరు తెరిపించి చూశాడు, అంతే, పెద్ద డాక్టరైపోయాడు. పాత రోగమే పైకి పాకిందట, తిరగబెడితే ఇక మందు లేదట, కోతలతో ఆమెను గోస పెట్టొద్దట. మా నాన్న పెంటయ్య తమ్ముడి మాటకు తల ఊపి కూర్చున్నాడు. వనపర్తిలో అత్తగారింట్లో ఉన్న నాకు మాత్రం గొంతు నొప్పి అని చెప్పారు.

ఆ తర్వాత మొదలైంది చివరి చూపుల సంబరం. మా వాళ్ళలో, పోయే మనిషి దగ్గరికి ఆమెకు ఇష్టమైనది వండుకుని వెళ్తారు. ఒకరు నాటుకోడి కూర, ఇంకొకరు తియ్యటి పోలెలు. నీళ్ళే మింగలేని మనిషి ముందు గిన్నెలు పెట్టి ఏడ్చారు. ఏడ్చి, వాళ్ళే తిని వెళ్ళారు. దవాఖానకు తీసుకుపోదామని ఒక్కరి నోరు పెగల్లేదు.

అసలు సంగతి నా చెవిన పడిన రోజే వచ్చాను. అప్పుడు కూడా ఒకావిడ గిన్నె మూత తీస్తోంది. అందరినీ బయటికి వెళ్ళగొట్టి అమ్మను హైదరాబాదు బస్సెక్కించాను.

ముక్క తీసి పరీక్ష చేశాక డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. పాతదానికీ దీనికీ సంబంధమే లేదు. ఇది వేరే క్యాన్సర్, కొత్తగా పుట్టింది. ఒకసారి వచ్చినవాళ్ళకు ఇంకోచోట మరోటి రావచ్చు. దీనికి వైద్యం ఉంది. మొదట్లోనే వస్తే పుండు చుట్టూ కొంచెం తీస్తే సరిపోయేది, ఇప్పుడు సగం నాలుక తీయాలి.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

ఆపరేషన్ రోజు పొద్దున అమ్మ ఫోన్ అడిగితే చిన్నాయనకు కలిపి ఇచ్చాను. నొప్పికి మాట ముద్దముద్దగా వస్తున్నా ఆమె ఆగలేదు.

"దేవదాసూ, రేపటి సంది నా మాట నీకు సమజ్ గాదు, గందుకే ఇప్పుడే అడుగుతున్న. నేను చస్తనని అందరు కూసొని తేల్చిన్రు గదా. బతుకుతవా అని ఒక్కలన్న నన్ను అడిగిన్రా?"

నర్సు వచ్చి లేవమనే దాకా అమ్మ ఆయన్ని తిడుతూనే ఉంది. నేను ఆపలేదు.