పాతర మీద పోసిన చప్టా

ఒక మనిషి పేరు చెడగొట్టాను. ఆ బరువు మోస్తూనే ఇన్నేళ్ళూ తిన్నాను, నవ్వాను, పిల్లల పెళ్ళిళ్ళు చేశాను. మోయగా మోయగా అలవాటవుతుందంటారు. నాకు కాలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీరూ అడగకండి. వింటే చాలు.

మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. నా భర్త పట్టుచీరలు నేసేవాడు. నూలుకు రంగులద్ది ఆరేసే పని నాదీ, మా అత్తదీ. ఇంటి వెనక ఎర్రమట్టి పెరడు. ఆరేసిన నూలు జారి కిందపడితే ఆ మరక ఇక పోయేది కాదు. అందుకని పెరట్లో సిమెంటు చప్టా వేయిద్దామన్నాను. నూలు కోసమనే అందరికీ చెప్పాను. నిజంగా నూలు కోసమేనా? మా వీధిలో ఇంకెవరింటా చప్టా లేదు. చల్లపూట దానిమీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఇరుగుపొరుగు చూడాలని నాకుండేది. ఇప్పుడు దాచి ప్రయోజనం ఏముంది?

యాభైల చివర అది. సిమెంటుకు పర్మిట్ కావాలి. నా భర్త తాలూకా కచేరీ చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయాడు. ఆలోపల నేను పెరట్లో ముగ్గుపిండితో గీతలు గీసి పెట్టుకున్నాను. పొడవు ఇంత, వెడల్పు ఇంత, వాలు తూర్పు మూలకు. నీళ్ళన్నీ ఆ మూలనున్న అరటిచెట్లకు పోవాలి. చెరిగిపోయినప్పుడల్లా మళ్ళీ గీసేదాన్ని.

ఎట్టకేలకు సిమెంటు వచ్చింది. మేస్త్రీ రాకముందే నేల చదును చేద్దామని గడ్డపార పట్టుకున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. తూర్పు మూలన పార రాతికి తగిలింది. మట్టి తీస్తే బండ. బండ జరిపితే చీకటి. లోపలినుంచి మురిగిన జొన్నల వాసన ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. పాతర. ముందుతరాల వాళ్ళు ధాన్యం దాచుకునే గుంత. మా పెరట్లో ఒకటుండేదని అత్త అనేది గానీ, దాన్ని ఎప్పుడో పూడ్చేశారనుకునేది. పాతరలోకి దిగేముందు దీపం దించి చూడాలనీ, దీపం ఆరిపోతే మనిషీ ఆరిపోతాడనీ చిన్నప్పుడు మా అవ్వ చెప్పేది. అది గుర్తొచ్చి వెనక్కి జరిగాను.

చెప్పాల్సింది. కానీ చెబితే పూడ్చాలి. పూడ్చాలంటే బండ్లకొద్దీ మట్టి తోలాలి, ఆ మట్టి దిగి గట్టిపడేదాకా ఆగాలి, ఈలోపు వానలొస్తాయి, అంత తిప్పలుపడి తెచ్చిన సిమెంటు మూటల్లోనే గడ్డకడుతుంది. ఇదంతా నిలబడ్డచోటే అనుకున్నాను. బండను యథాస్థానంలోకి నెట్టి, మట్టి కప్పి, కాళ్ళతో తొక్కాను. గట్టిగానే ఉన్నట్టనిపించింది. అనిపించిందా, అనిపించాలని అనుకున్నానా?

ఓబులేసు మేస్త్రీ పెనుకొండనుంచి వచ్చాడు. నెమ్మదస్తుడు. చిత్రావతి ఏటి ఇసుక జల్లెడ పట్టించాడు, కంకర పరిపించాడు, కూలీతోపాటు తనూ దిమ్మిస పట్టుకుని నేలను అదిమాడు. తూర్పు మూలకు వచ్చేసరికి ఆగాడు. చేతిలోని దిమ్మిస పక్కన పెట్టి, నేను నూలు పిండుతున్న చోటికి వచ్చాడు.

"అమ్మా, ఆ మూలన మోత వేరేగా ఉండాది. కింద పాతర గీతర ఏమన్నా ఉండాదా?"

"ఏమీ లేదన్నా. గట్టి నేలే."

గొంతు కూడా వణకలేదు. ఇంటి కోడలికి అబద్ధం చెప్పే అవసరం ఏముంటుందనుకున్నాడో ఏమో, తలూపి వెళ్ళిపోయాడు. ఆ మాట విన్నవాళ్ళు మేమిద్దరమే.

చప్టా పోశాక దానిమీద మట్టిగట్లు కట్టి నీళ్ళు నిలబెట్టే పని నాదే. ఒకరోజు పొద్దున చూస్తే అన్ని మడుల్లో నీళ్ళున్నాయి, తూర్పు మూలన లేవు. బిందెతో తెచ్చి నింపాను. మధ్యాహ్నానికి మళ్ళీ లేవు. ఎక్కడికి పోతున్నాయో నాకొక్కదానికే తెలుసు. మళ్ళీ నింపాను.

అత్తకు చప్టా ఎంత నచ్చిందంటే, రోజంతా అక్కడే కూర్చుని నూలు చిక్కు తీసేది. ఎండ తగులుతుందనో గాలి రాదనో చెప్పి ఆమె పీటను ఈవలికి జరిపేదాన్ని. పిల్లలు ఆ మూలన ఎగిరితే అరిచేదాన్ని. నాకు పిల్లలకన్నా చప్టాయే ముద్దని నా భర్త నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఒక్కదాన్నే ఉన్నప్పుడు మడమతో ఆ మూలన తట్టి చూసి, ఆ మోత విని, లోపలికి వచ్చేసేదాన్ని.

మరుసటి ఏడు ముసురు పట్టింది. నీళ్ళన్నీ నేను గీసిన వాలు ప్రకారమే తూర్పు మూలకు పారాయి. వాన తెరిపిచ్చాక అత్త అరటాకు కోయడానికి ఆ మూలకు వెళ్ళింది. నేను పొయ్యి దగ్గరున్నాను. పెళపెళమన్న చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఆమె కేక. చప్టా మూల విరిగి కిందికి దిగబడింది. ఆమె నడుములోతు బురదలో ఇరుక్కుని ఉంది. తుంటి విరిగింది. హిందూపురం ఆసుపత్రిలో ఎన్నాళ్ళున్నా మళ్ళీ నడవలేదు.

నా భర్త ఓబులేసును పిలిపించాడు. పెరడంతా జనం. ఓబులేసు గుంత అంచున మోకాళ్ళమీద కూర్చుని చాలాసేపు లోపలికి చూశాడు. తర్వాత లేచాడు.

"మోత వేరేగా ఉంటే ఈయమ్మను అడిగితినప్పా. గట్టి నేలే అనింది."

నా భర్త నావైపు తిరిగాడు. "నిన్ను అడిగినాడా?"

"నన్నెవరూ ఏమీ అడగలేదు."

ఓబులేసు నన్ను చూశాడు. కోపం లేదు. నేను చెప్పింది తనకు సరిగా వినబడలేదేమో అన్నట్టు చూశాడు. తర్వాత ఎవరెవరో ఏమేమో అన్నారు. నా భర్త అతనిమీద చెయ్యి కూడా చేసుకున్నాడు. నేను లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాను.

ఆ తర్వాత ధర్మవరంలో అతనికి ఎవరూ పని ఇవ్వలేదు. మాట పెనుకొండ దాకా పోయింది. అత్త మంచంమీదే కొంతకాలం బతికింది. ఆమెకు అన్నీ నేనే చేశాను. ఇలాంటి కోడలు ఎవరికి దొరుకుతుందని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, నా తలమీద చెయ్యిపెట్టి దీవించేది. ఆ చెయ్యి తీసేదాకా ఊపిరి బిగబట్టి ఉండేదాన్ని. ఆమెకైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

అరవైలలో ఒకసారి పట్టు కొనడానికి నా భర్తతో హిందూపురం వెళ్ళాను. ఆయన అంగడి లోపలున్నాడు, నేను బయట మెట్లమీద. వీధిలో లారీనుంచి ఇటుకలు దించుతున్న మనిషి నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. ఓబులేసు. పెద్దమ్మ, అంటే మా అత్త, ఎలా ఉందని అడిగాడు. పోయిందని చెప్పాను. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాకే అనుమానం వస్తాండాదమ్మా," అన్నాడు. "ఆ పొద్దు నిన్ను అడిగితినో, అడిగినాననుకుంటినో. అడిగుంటే పెద్దమ్మకు అట్లయ్యేది కాదు గదా."

వినేంత దగ్గరలో ఎవరూ లేరు. ఒక్కమాట చాలు. నోరు తెరిచాను. బస్సుకు పొద్దుపోతోందన్నాను.

అతను తలూపి వెళ్ళిపోయాడు, ధర్మవరంలో వెళ్ళినట్టే. పని పోగొట్టాను, పేరు పోగొట్టాను. చివరికి అతని జ్ఞాపకాన్ని కూడా అతనిది కాకుండా చేశాను. అన్నిటికన్నా పెద్ద తప్పు అదేనేమో. ఇప్పుడు అతను లేడని విన్నాను. నా భర్తా లేడు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించడానికి మీరెవరు? అతని పిల్లలు ఎక్కడున్నారో తెలియదు. తెలిసినా వెళ్ళే ధైర్యం ఉందని చెప్పలేను.

అయినా ఎవరో ఒకరి ముందు ఈ మాట బయటపడాలి. ఓబులేసు మేస్త్రీ అడిగాడు. పాతర ఉందా అని నన్నే అడిగాడు. నేను లేదన్నాను.