లెక్కల గ్రూపు మర్చిపోయానని చెప్పాను

నా చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. అక్షరాలు కూడబలుక్కోవాలి. అంకెలు మాత్రం ఒక్కసారి చూస్తే చాలు, ఇక పోవు. అందుకే మా పేటలో చేపలమ్ముకునే ఆడవాళ్లందరూ తమ ఏటీఎం నంబర్లు నాకు చెప్పి దాచుకునేవారు. కాగితం మీద రాస్తే తడిసిపోతుంది, నాకు చెబితే భద్రం అని. శ్రీకాకుళంలో మిషను ముందు నిలబడి ఫోన్ చేసేవారు.

"అప్పా, నా నంబరేటే?"

నేను చేప తోముతూనే చెప్పేసేదాన్ని.

మా అమ్మాయికి ఇది గిట్టేది కాదు. "ఓలమ్మ, ఊరందరి తాళాలూ నోట్లో ఎట్టుకుని తిరుగుతన్నావు. ఏదో రోజు ఎవులో మంచిగా అడుగుతారు, నువ్వు సెప్పీస్తావు," అనేది.

"సెప్పీసే మనిషినేటే నాను?" అని దులిపేసేదాన్ని.

పేటలో ఎవరి ఫోనుకి దొంగ మెసేజీ వచ్చినా దాని దగ్గరికే పరుగెత్తుకొచ్చేవారు. అది తీరిగ్గా చూసి, ఏది నొక్కకూడదో చెప్పి పంపేది. పదో తరగతిలో లెక్కల మాస్టారు దానికి చెప్పారట, ఈ పనికే సైబర్ సెక్యూరిటీ అని ఒక డిగ్రీ ఉందని, ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ ఉండే ఎంపీసీ తీసుకోమని. ఇక అదే పాట. బస్సు ఎచ్చెర్ల దాటుతుంటే కిటికీకి అతుక్కుపోయి యూనివర్సిటీ వైపు చూసేది.

"బైపీసీలో లెక్కలుండవమ్మా. లెక్కలు లేకపోతే ఆ డిగ్రీలో సేర్సుకోరు. ఇదొక్కటి గుర్తెట్టుకో సాలు," అంది ఒకరోజు.

గుర్తుపెట్టుకున్నాను. అప్పుడు అది ఏ గిన్నె కడుగుతోందో కూడా గుర్తుంది. జావ గిన్నె.

కానీ నా మనసులో మరొకటి ఉంది. అరసవల్లిలో నేను చేపలు పోసే వాడుక ఇల్లొకటుంది. ఆ ఇంటి కోడలు నర్సు. తెల్ల బట్టలేసుకుని, చేతికి గడియారం పెట్టుకుని బయలుదేరేది. పక్క నుంచి నడిచి వెళితే సబ్బు వాసన వచ్చేది. మా అమ్మాయి చేప కోస్తే కార్జం చిట్లనివ్వదు, చేదుకట్టు పగలనివ్వదు. కత్తిపీట ముందు కూర్చుని, ఇది గుండె, ఇది గాలిబుడగ అని చూపించేది. ఇలాంటి పిల్ల నర్సు కాకపోతే ఎవరవుతారు అనుకునేదాన్ని. ఫోన్లకి తాళాలు వేసే పని ఎక్కడ చేస్తారో, ఏ బట్టలేసుకుంటారో నాకు కనిపించలేదు. కనిపించనిదాన్ని నమ్మలేకపోయాను.

పదో తరగతి రిజల్ట్సు వచ్చాక నాలుగు రోజులుందామని అది కోటబొమ్మాళిలో అమ్మమ్మ దగ్గరికి వెళ్లింది. వాళ్ల నాన్న గుజరాత్‌లో, వీరావలిలో బోటు మీద ఉన్నాడు. అప్పుడొచ్చాడు, ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్చుకునే కాలేజీ మనిషి. మా అరుగు మీద కూర్చుని చేతిలో పలకలాంటి ఫోను తెరిచాడు.

"పాప హాల్ టికెట్ నంబరు ఉందా అమ్మా? లేకపోతే రేపొస్తాను."

చెప్పాను. ఆధార్ అడిగాడు. గడగడా చెప్పాను. అతను తలెత్తి చూశాడు. "బుర్రా, కంప్యూటరా అమ్మా?" అన్నాడు. ఆ మాటకు పొంగిపోయాను, ఎందుకు దాచాలి.

"గ్రూపు?"

ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో జావ గిన్నె కళ్లముందుకి వచ్చింది. అయినా "బైపీసీ బాబూ" అన్నాను.

నా ఫోనుకి ఆరంకెలు వచ్చాయి. అవి చెబితే సీటు ఖాయమన్నాడు. మంచిగానే అడిగాడు. చెప్పేశాను. పైగా వెళ్లేటప్పుడు నాలుగు పీతలు కవర్లో వేసిచ్చాను.

అమ్మాయి ఊరి నుంచి వచ్చి నా ఫోనులో సీటు మెసేజీ చూసింది.

"ఏ గ్రూపు సెప్పినావు?"

"బైపీసీ అన్నానే. నువ్వేటన్నావో మర్సిపోనాను."

"నువ్వా? మర్సిపోనావా?"

ఏడవలేదు, అరవలేదు. అరిస్తే బాగుండేది. మూడేళ్ల కిందట ఎవరు ఎన్ని వంజరం చేపలు పట్టుకెళ్లారో చెప్పే నేను, కన్నబిడ్డ అడిగిన ఒక్క ముక్క మర్చిపోయానన్నాను. నేను మర్చిపోలేదని దానికి తెలుసు. దానికి తెలుసని నాకూ తెలుసు. ఇద్దరం ఒకే చాప మీద అన్నం తిన్నాం.

గ్రూపు మార్చాలంటే తల్లో తండ్రో వచ్చి కాగితం ఇవ్వాలని కాలేజీలో చెప్పారట. "వొస్తావేటమ్మా?" అంది. "సూద్దారిలే, ముందు ఎల్లు," అన్నాను. వెళ్లేకొద్దీ అదే అలవాటవుతుందని నా ఎత్తు. అది రెండు నెలలు వెళ్లింది.

ఒక ఆదివారం దాని సంచీ ఎండలో వేద్దామని పుస్తకాలు బయటికి తీశాను. జువాలజీ రికార్డులో కప్ప బొమ్మ ఎంతో నీటుగా వేసి ఉంది. వెనక్కి తిప్పితే చివరి పేజీలన్నీ అంకెలే. కొట్టేసి, మళ్లీ వేసి, మళ్లీ కొట్టేసి. ఎంపీసీ చదివే పక్కింటి పిల్ల దగ్గర పాఠాలు అడిగి తీసుకుని, బస్సులో ఊగుతూ చేసిన లెక్కలు. అక్షరాలైతే నాకు అర్థమయ్యేది కాదు, తప్పించుకుందును. కానీ అవి అంకెలైపోయాయి.

"కాగితం రాయే," అన్నాను. "నాను సెప్తాను."

అది రాసింది. చదివి వినిపించమన్నాను. 'పొరపాటున బైపీసీ అని చెప్పాను' అని చదివింది.

"నానలగ సెప్పలేదు. తెలిసే సెప్పినానన్నాను."

"అదంతా ఎందుకమ్మా? పొరపాటు అంటే సాల్దేటి?"

"సాల్దు. రాయి."

పొరపాటన్న మాట కొట్టేసి, నా మాట రాసింది. కింద నేను సంతకం పెట్టాను, రెండక్షరాలు వంకరపోయాయి.

ప్రిన్సిపాల్ చదివి నావైపు ఒకసారి, దానివైపు ఒకసారి చూశారు. "మార్చడానికి ఇంకా వారమే ఉందమ్మా. వచ్చారు, మంచిదే. కానీ రెండు నెలల లెక్కలు ఈ పిల్లే తిరిగి చదువుకోవాలి," అన్నారు. ఎంపీసీలో చివరి బెంచీ దొరికింది. మొదటి పరీక్షలో లెక్కలు తప్పింది. ఇప్పుడు రెండో ఏడాదికి వచ్చింది, పాసవుతోంది. అయినా ఆ మొదటి పాఠాల దగ్గర ఇంకా తడబడుతోందట. "అందుకుంటానులే," అంటుంది. అది పరుగెత్తాల్సిన దూరం నేను పెట్టింది.

పేటలో అందరికీ చెప్పాను, మీ నంబర్లు మార్చుకోండి, కొత్తవి నాకు చెప్పకండి అని. "నీ ఆడగుంట సదువు నీకెక్కిందేటే?" అని నవ్వారు. అయినా కొందరు మార్చుకున్నారు.

మొన్న మా అమ్మాయి కూడా తన ఫోనుకి కొత్త నంబరు పెట్టుకుంది. నా ఎదురుగానే, నాకేమీ చెప్పకుండా. వేలు కదిలే తీరు చూస్తే చాలు, నేను పట్టేయగలను. నేను తల వంచుకుని కవళ్ల చేపల పొలుసు తీస్తూ ఉన్నాను, అది నొక్కడం అయ్యేదాకా.