వడ్ల గుట్టలో గట్టి పొర

1926లో నేను రంగూన్ అహ్లోన్ రేవు పక్కనున్న ఒక రైస్ మిల్లులో గోడౌన్ క్లర్కుని. ట్వంటే కాలువ మీదుగా పడవల్లో వచ్చిన వడ్లను బస్తాలకెత్తకుండా నేల మీదే గుట్టగా పోయించేవాళ్ళం. దీన్ని బల్క్ స్టోరేజి అంటారు. గుట్ట రెండు నిలువుల ఎత్తుండేది. అడుగునుంచి తోడి మిల్లులోకి మోసే పని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కూలీలది. ఆ ఏడు అప్పన్న అనే కూలీ గుట్ట కింద కూరుకుపోయాడు. ఎందుకు కూరుకుపోయాడన్నది నేను చెప్పిందే అందరికీ తెలుసు. అది నిజం కాదు.

ఆ మాఘంలో అకాల వర్షానికి కప్పు కారి, సగం పోసిన గుట్ట పైభాగం తడిసింది. ఎండబెట్టించకుండా నాలుగు రోజులాగి దాని మీదే కొత్త వడ్లు పోయించాను. తడిసిన గింజలు మొలకెత్తి, ఒకదానికొకటి అల్లుకుని, అట్టకట్టాయి.

అడుగున తోడుతుంటే పై వడ్లు జారి రావాలి. ఒక ఉదయం రాలేదు, గోడలా నిలబడ్డాయి. మిల్లు గేటు కాసే దర్వాను ధన్‌బహదూర్ నేపాల్ కొండలవాడు. అది చూసి ఆగి, పక్కవాలు ఎక్కి తన కర్రను గుట్టలోకి దించాడు. నన్నూ దించి చూడమన్నాడు. కర్ర సులువుగా దిగి, గట్టిగా దేనికో తగిలి, నొక్కితే మళ్ళీ సులువుగా దిగింది.

"మా కొండల్లో మంచును ఇలాగే చూస్తాం, బాబూజీ," అన్నాడు హిందుస్తానీలో. "పాత మంచు పైన ఎండకు కరిగి, రాత్రికి గడ్డకడుతుంది. దాని మీద పడ్డ కొత్త మంచు అతుక్కోదు. ఒక్క మనిషి అడుగేస్తే వాలంతా జారి వచ్చేస్తుంది."

"ముందుగా తెలియదా?"

"కాలి కింద డొల్ల చప్పుడు వస్తుంది. అప్పుడు పరిగెత్తే వ్యవధి ఉండదు. అందుకే ఎడంగా, ఒక్కొక్కరమే దాటతాం. పోతే ఒకడే పోతాడు."

"నిటారు కొండలు మరీ ప్రమాదమా?"

"మరీ నిటారైతే మంచు నిలవదు. మనం ఎక్కగలమనుకునే వాలే చంపుతుంది."

మంచే చూడని నేను ఇంకా ఏవేవో అడిగాను. అతను గేటు దగ్గరికి వెళ్ళిపోయాక, గంపతో నిలబడి వింటున్న అప్పన్న నా దగ్గరికొచ్చాడు.

"బాబూ, కిందని తోడొద్దు. పైకెక్కి ఆ అట్ట పగలగొట్టి దిగలాగేత్తాం. ఓ పూట పడతాది, అంతే."

రేవులో స్టీమరు ఎదురుచూస్తోంది. పైగా అట్ట బయటపడితే, తడి వడ్ల మీద కొత్తవి పోయించిందెవరని మేనేజరు దొర అడుగుతాడు.

"ఏటిరా అప్పన్నా, రంగూన్‌లో మంచు పడిందా? దుప్పటి తెచ్చుకోలేదా?" అన్నాను. కూలీలు నవ్వారు. "నీకు భయమైతే ఇంకొకణ్ణి పంపిస్తాను."

"ఇంకోడెందుకు, నానే ఎల్తాను." వెనక్కి తిరిగి మిగతావాళ్ళతో అన్నాడు: "నవ్వింది సాలు గానీ, మీరు ఎడంగా ఉండండి."

నాలుగో గంప నింపుతుండగా లోపల బోలుగా ఒక చప్పుడైంది. మరుక్షణం గోడ లేదు, అప్పన్నా లేడు. దూరంగా ఉన్నవాళ్ళెవరికీ ఏమీ కాలేదు. తవ్వినకొద్దీ వడ్లు జారి గుంట పూడుతోంది. పరుగున వచ్చిన ధన్‌బహదూర్ తలుపు చెక్కలు పీకించి, అప్పన్న కూరుకుపోయిన చోటు చుట్టూ పాతించి, మధ్యలో తోడించాడు. అప్పన్న ప్రాణంతోనే బయటికొచ్చాడు. తుంటి విరిగింది.

"పైనుంచి పగలగొట్టమన్నాను, వినలేదు," అని మేనేజరుతో చెప్పాను. అప్పన్న ఆసుపత్రిలో ఉన్నాడు. అసలు మాటలు విన్న కూలీలకు పని చూపించేది నేనే, కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. తప్పు అప్పన్నదయ్యాక తడి వడ్ల సంగతి ఎవరూ అడగలేదు. మాట విననివాడని పేరు కొట్టేసి అతన్ని ఊరికి ఓడెక్కించారు.

తర్వాత, కర్రతో చూసి అట్ట పగలగొట్టనిదే కిందికి ఎవరూ వెళ్ళకూడదని నిబంధన పెట్టాను. మా గోడౌన్‌లో మళ్ళీ ఎవరూ కూరుకుపోలేదు. పక్క మిల్లులూ ఆ పద్ధతే పట్టాయి. దాన్ని నా పేరుతోనే పిలుస్తారు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే. గుట్ట సంగతి దాని కింద నిలబడేవాణ్ణి అడగండి. నేను అడగకుండానే అప్పన్న చెప్పాడు. కర్ర ధన్‌బహదూర్‌ది, పద్ధతి అప్పన్నది.