కొసరుగా వచ్చిన కత్తి

పాత కత్తులు కొనేవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. కొన్నానని ఎవరికీ రుజువు చూపించలేనంత తెలివిగా కొన్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అనుకుంటాను. ఆ బేరం గెలిచాక రెండు వారాలపాటు నాలో నేనే జబ్బలు చరుచుకుంటూ తిరిగాను. అంత గొప్ప బేరం మా వంశంలో ఎవరూ ఆడలేదు. ఆడి ఉంటే వంశం ఇక్కడిదాకా వచ్చేది కాదు.

నర్సీపట్నం మెయిన్ బజారులో మాది ఇత్తడి సామాన్ల కొట్టు. పాత ఇత్తడి తూకానికి తీసుకుని కొత్త సామాను ఇచ్చేవాళ్లం. తక్కెడ పట్టుకోవడం నాకు పలక పట్టుకోకముందే వచ్చు. పాత సామాన్ల మూటల్లో అప్పుడప్పుడు కత్తులు దొర్లుకొచ్చేవి. ఇనుముకి మా కొట్లో మర్యాద లేదు. నాన్న వాటిని మూలకి విసిరేసేవాడు, నేను ఏరుకునేవాణ్ణి. డెబ్బైల చివరికి నా దగ్గర మూడు పోగయ్యాయి. యుద్ధకాలంలో రంగూన్ నుంచి నడిచొచ్చిన కుటుంబం అమ్మిన బర్మా కత్తి ఒకటి. పిడికి అడ్డుపట్టీ ఉండదు, వెదురు బెత్తంలా గుండ్రంగా ఉంటుంది. రెండోది మిలిటరీ పెన్షనర్ ఇచ్చిన గూర్ఖా కుక్రీ. మూడోది పాములా మెలికలు తిరిగిన మలయా బాకు.

వాటిని చదవడం నేర్పింది మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన మాస్టారు. ఎప్పుడో ఊరొదిలి వెళ్లిన దొర డాక్టరు ఇచ్చిపోయిన బొమ్మల పుస్తకం ఒకటి ఆయన దగ్గర ఉండేది. "పిడి చూసి మోసపోకయ్యా, పిడి ఎవడైనా మారుస్తాడు. అలుగు మొదలు చూడు. వీపు మందం చూడు. వేలి మీద ఆనించి బరువెటు వాలుతోందో చూడు" అనేవారు. ఆఖరున తప్పకుండా ఒక మాట: "తోమకు. నీ కొట్టు బుద్ధి దాని మీద చూపించకు."

ఒక వానాకాలం పొద్దున, ఇంకా బోణీ కాలేదు. నాన్న గుడికి వెళ్లాడు. తడిసిన గోనెపట్టాతో ఒక మనిషి మెట్టెక్కాడు. సొట్టపడ్డ ఇత్తడి గంగాళం దించి, దాని పక్కన పొడుగాటి మూట పెట్టాడు.

"ఇదేటి?" అన్నాను.

"కత్తి సావుకారు. తాతల కాలంది."

గోనె తొలిగిన చోట జానెడు అలుగు కనిపించింది. దాని నిడివిన మూడు సన్నటి గాడులు. పిడి దగ్గర నాలుగైదు గీతలతో చెక్కిన పరుగెత్తే జంతువు. మాస్టారి పుస్తకంలో ఆ జంతువుని నేను వంద సార్లు చూశాను. మొహం మాత్రం మా నాన్న కొడుకు మొహం. కత్తిని కాలితో పక్కకి నెట్టి, గంగాళం మీద బేరం మొదలెట్టాను.

మా ఇంటి విద్య అదే. కావలసిన వస్తువు వైపు చూడకూడదు, అక్కర్లేనిదాని మీద పోట్లాడాలి. సొట్ట చూపించాను, అతుకు చూపించాను, లేని చిల్లు కూడా చూపించాను. అరగంటయ్యాక ఓడిపోయినవాడిలా నిట్టూర్చి అతని రేటుకే ఒప్పుకున్నాను.

"మరి కొసరేటిత్తావు?"

"నానేటిత్తాను బాబూ, నా కాడేటుంది?"

"ఆ ఇనప్ముక్క ఒగ్గీ. కొబ్బరి పీసు లాక్కోడానికి పనికొస్తాది."

అతను వెంటనే వదిలేశాడు. అంత వేగిరం దేనికని ఆ క్షణంలో నేను అడగలేదు. బోణీ మనిషిని ప్రశ్నలడిగి వెనక్కి పంపకూడదన్నది మా కొట్టు నియమం. ఊరడగలేదు, పేరడగలేదు. చీటీ మీద "పాత ఇత్తడి గంగాళం ఒకటి" అని తూకం, ధర రాశాను. కొసరుకి చీటీలో చోటుండదు. కత్తి నాకు ఉత్తపుణ్యానికి వచ్చింది, దాని ఆనవాలు కాగితం మీద లేదు. అదీ గొప్ప.

మధ్యాహ్నం నాన్న కునుకు తీస్తుండగా చింతపండు, ఇటుకపొడి పెట్టి దాన్ని తోమేశాను. సరుకు చేతికొస్తే తోమకుండా ఉండలేని చేతులివి. సాయంత్రం మాస్టారి దగ్గరికి తీసుకెళ్తే ముందు తిట్టారు, తర్వాత భూతద్దం తీశారు.

"తోడేలు. జర్మనీ వాళ్ల గుర్తు. అయితే ఈ గుర్తుకి గిరాకీ ఉందని అన్ని దేశాల కమ్మర్లూ వేశారు, మన కమ్మర్లతో సహా. అలుగు ఓడలో వచ్చింది, పిడి మనవాళ్లు బిగించారు. పరదేశీ అలుగు కాబట్టి ఫిరంగి అంటారు దీన్ని." పిడిని తలకిందులు చేశారు. నా చింతపండు అందని లోపలి మూలల్లో పసుపు పొరలు పొరలుగా గడ్డకట్టి ఉంది. అందులో ఇరుక్కున్న ఒక బియ్యపు గింజ.

మాస్టారు భూతద్దం కింద పెట్టేశారు. "ఇది గోడకి తగిలించిన కత్తి కాదయ్యా. దీనికెవరో మొక్కుతున్నారు. ఎవడమ్మేడు నీకు?"

"బోణీ బేరం మాస్టారూ."

"బేగి కనుక్కో."

కనుక్కోలేదు. ఇత్తడి సామాను కట్టి వచ్చే ఎండుగడ్డిలో దాన్ని చుట్టి అటకెక్కించాను.

రెండు వారాలకి హెడ్డు గారొచ్చారు. కొండదారి మొదట్లో కొత్తగా వేసిన పోలీసు అవుట్‌పోస్టు ఆయనది. అడవిలో తుపాకులు మోగుతున్నాయని బస్సులాపి మూటలు విప్పించే రోజులవి. ఆయనొచ్చింది చెల్లెలి పెళ్లికి బిందె కొనడానికి. బిందెని గోటితో మోగించి చూస్తూ నాన్నతో మాటల్లో పడ్డారు.

"కొండ మీద ఒక ఊరి పెద్ద, ముసలాడు, అమ్మోరి కత్తి పోయిందని ఆడే దిగొచ్చి సెప్పేడండి. పోయిందంటే మేం నమ్మీడమేనా? అడివిలోవోళ్లకి ఇచ్చీసి దొంగతనమంటన్నాడని మా అనుమానం. మూడ్రోజుల్నుంచి రోజూ రప్పించి కూకోబెడతన్నాం. కత్తి దొరికిందాకా రావాల్సిందే."

నాన్న అయ్యో అన్నాడు. నేను బిందెకి తాడు కడుతున్నాను. ముడి పడలేదు. మళ్లీ కట్టాను, మళ్లీ జారిపోయింది.

"ఏటోయ్ కుర్ర సావుకారు, సేతులొణుకుతన్నాయి? జొరమా?"

"అవునండి" అన్నాను. ఆ మాట అన్నాక నిజంగానే ఒళ్లు కాగింది.

అప్పట్నుంచి ఎనిమిది రోజులు. భయం అంటే పెద్ద కేక అనుకునేవాణ్ణి. కాదు, అది చెవి. సైకిల్ స్టాండు వేసిన చప్పుడు, మెట్టు మీద బూటు ఆనిన చప్పుడు, ఖాకీ రంగు. పోస్టుమాన్ వస్తే లోపలి గదిలోకి పోయాను. అన్నం ముద్ద నోట్లో తిరుగుతుంది, దిగదు. కత్తి ఎక్కడిదని అడిగితే కొన్నానంటాను. రుజువేదంటే చీటీ చూపిస్తాను. చీటీలో గంగాళమే ఉంది. ఒకసారి ఆ చీటీ కార్బన్ కాపీ తీసి అడుగున "కత్తి ఒకటి" అని ఇరికించి రాశాను. సిరా రంగు కలవలేదు. రాసిన అడుగుభాగం చింపి నమిలి మింగేశాను. అన్నం దిగని గొంతులోంచి కాగితం మాత్రం చక్కగా దిగింది.

ఐదో రోజు గడ్డిలో చుట్టిన కత్తిని సైకిలు బారుకి కట్టుకుని బలిఘట్టం వెళ్లాను, వరాహ నదిలో పారేద్దామని. రేవునిండా బట్టలుతుకుతున్న ఆడవాళ్లు. "ఏటి బాబూ, ఏటి తెచ్చేవు?" అని ఒకావిడ పలకరించింది. "గడ్డండి" అన్నాను. నది దగ్గరికి గడ్డి దేనికని ఆవిడ ఇంకో ప్రశ్న వేసేలోగా సైకిలు తిప్పేశాను. దారంతా చక్రం తిరిగినప్పుడల్లా అలుగు బారుకి తగిలి టింగుమనేది.

నాన్నకి చెబుదామని రోజూ అనుకున్నాను. కొండ పెద్దాయన రోజూ వచ్చి కూర్చుంటున్నాడన్న సంగతి నాకు గుర్తులేక కాదు. గుర్తొచ్చినప్పుడల్లా అవుట్‌పోస్టు అరుగు మీద ఆయన బదులు నన్నూ, పక్కన నాన్ననూ ఊహించుకునేవాణ్ణి. నోరు మూతపడేది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం హెడ్డు గారు మళ్లీ వచ్చారు. ఈసారి వెనక ఒక ముసలాయన. మోకాళ్ల దాకా బురద, చేతిలో అంబలి సొరకాయ బుర్ర. బజారులో పాత సామాను కొనే కొట్లన్నీ ఒకసారి చూపించి తేల్చేద్దామని తీసుకొచ్చారట.

ముసలాయన మెట్టు కిందే నిలబడి లోపలికి చూశాడు. కరిగించడానికి పంపవలసిన పాత ఇత్తడి కుప్ప ఇంకా అక్కడే ఉంది. ఆయన లోపలికొచ్చి, బుర్ర కింద పెట్టి, అడక్కుండానే ఆ కుప్పలోంచి గంగాళాన్ని లాగి, సొట్టలో అరచెయ్యి పెట్టాడు. చెయ్యి సరిగ్గా సరిపోయింది.

"ఇది మాదే బాబూ. పండక్కి ఇందులోనే వొండుతాం. కత్తితోపాటే పోయింది."

నాన్న తడబడలేదు. "మేం కొన్నాం హెడ్డు గారూ, దాపరికం లేదు. చీటీ ఉంది" అని కాపీ తీసి ఇచ్చాడు. అడుగు చిరిగి ఉన్నందుకు నా వైపు ఒక్క క్షణం చూశాడు. హెడ్డు గారు పైకి చదివారు: పాత ఇత్తడి గంగాళం ఒకటి.

"కత్తో?"

"కత్తుంటే చీటీలో ఉండదేటండి? మా కొట్లో రాయకుండా గుండుసూదైనా కొనం."

నేను ఎనిమిది రోజులుగా తలకిందులుగా భయపడ్డాను. నన్ను పట్టిస్తుందనుకున్న చీటీ నన్ను గట్టెక్కించింది. నాన్న నోటి మాట కూడా దానికి తోడు. ఇక నేను ఊరుకుంటే చాలు.

హెడ్డు గారు ముసలాయన వైపు తిరిగారు. "సూసేవా తాతా? దొంగ గంగాళం అమ్మీసి కత్తి దాసుకుంటాడేటి? దొంగ అట్టుకుపోయింది గంగాళం. కత్తి నువ్విచ్చేవు. ఎవుడికిచ్చేవో ఇంక ఎస్సై గారికి సెప్పుకో, పద."

ముసలాయన గంగాళాన్ని వదిలి సొరకాయ బుర్ర తీసుకున్నాడు. రోజూ చేసే పనిలాగే తీసుకున్నాడు.

"అటక మీద ఉందండి" అన్నాను.

కాళ్లు తడుస్తున్నాయని తెలుస్తోంది. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

"ఏటుందిరా?" అన్నాడు నాన్న.

"కత్తి. కొసరుగా తీసుకున్నాను."

హెడ్డు గారు నా చొక్కా కాలరు పట్టుకునే నిచ్చెనెక్కించారు. గడ్డి విప్పాక ముసలాయన కత్తిని రెండు చేతులా అందుకున్నాడు. కళ్లకద్దుకోబోయి ఆగి, అలుగు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పసుపేదీ?"

"తోమేను తాతా."

"ఎవులు తోమమన్నారు నిన్ను?"

నాన్న అప్పుడు బేరం మొదలెట్టాడు. కుర్రోడండి, పాత కత్తుల పిచ్చండి, కావాలంటే మాస్టార్ని అడగండి అంటూ గంటసేపు. జీవితంలో మొదటిసారి హెడ్డు గారు అడిగిన మొదటి ధరకే ఆయన ఒప్పుకోవడం చూశాను. మాస్టారు పుస్తకం చంకలో పెట్టుకుని అవుట్‌పోస్టుకి వచ్చి, నేను దొంగని కాదు, వట్టి మూర్ఖుణ్ణని వివరంగా చెప్పారు. అది వాళ్లు సులువుగా నమ్మారు.

ఇక లెక్క. ఫిరంగి దాని ఊరికి వెళ్లిపోయింది. గంగాళం కూడా వెళ్లింది, దానికిచ్చిన డబ్బు పోయినట్టే. బర్మా కత్తి, కుక్రీ, మలయా బాకు లిస్టు రాసుకుని తీసుకెళ్లారు. తిరిగి అడిగే ధైర్యం నాకు ఎనభైల్లో కూడా రాలేదు. మూడు నెలలు వారం వారం వెళ్లి సంతకం పెట్టాను. కాపీ అడుగు ఎందుకు చిరిగిందని నాన్న ఎప్పుడూ అడగలేదు. బిందె అమ్మిన రోజు ఆయనకీ గుర్తుంది, రోజులు లెక్కపెట్టడం ఆయనకీ వచ్చు.

ఇవన్నీ నావైపు ఖర్చులు. ముసలాయన వైపు: పోడులో కలుపు తీసే కాలంలో, రోజూ కొండ దిగి, రోజంతా కూర్చుని, మళ్లీ ఎక్కిన రోజులు. నాకు తెలిసీ ఊరుకున్నవి ఎనిమిది. అంతకుముందు మూడు నాకు తెలియకముందువి కాబట్టి తీసేయొచ్చని చాలా ఏళ్లు వాదించుకున్నాను. కానీ ఆ మూడు రోజులూ కత్తి మా అటక మీదే ఉంది, ఎవరిదో కనుక్కోమని మాస్టారు అప్పటికే చెప్పారు. తగ్గింపు లేదు. మొత్తం పదకొండు రోజులు.