అర నిమిషం ఆలస్యంగా మా ఫెబా పెళ్ళి

మా ఆయన సంజీవయ్య ఆళ్ళగడ్డలో ఇరవై ఆరేళ్ళుగా పెళ్ళి వీడియోలు తీస్తున్నాడు. తాళి కట్టే సమయానికి అడ్డం వచ్చిన మేనమామలను భుజంతో నెట్టేస్తాడు. పెళ్ళికొడుకు తొందరపడి ముళ్ళు వేసేస్తే, "ముడి ఇప్పప్పా, ఇంగోసారి కట్టు, కెమెరాలో పళ్యా" అంటాడు. వాళ్ళూ నోరెత్తకుండా కడతారు. డోన్‌లో ఒకాయన చేత నాలుగుసార్లు కట్టించాడు. నాలుగోసారికి ఆ పెళ్ళికూతురు, "అన్నా, మెడ నొప్పి లేస్తాంది" అన్నదట. ఈ సంగతి ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నాడు.

రెండేళ్ళ కిందట ఆ భుజమే పట్టేసింది. బరువు మోయొద్దన్నాడు డాక్టరు. సరిగ్గా అప్పుడే నంద్యాలలో మా చర్చివాళ్ళు దూరం నుంచి తిప్పే కెమెరా ఒకటి స్తంభానికి బిగించి, ఆదివారం ఆరాధన లైవ్ ఇచ్చే పని ఈయనకు అప్పగించారు. ఇక నాకు ప్రశాంతంగా అన్నం తిన్న రోజు లేదు. కంచం ముందు పెట్టుకుని పాఠాలు. ప్యాన్ అంటే కెమెరా తల పక్కలకు తిప్పడం. టిల్ట్ అంటే పైకీ కిందికీ వంచడం. ప్రీసెట్ అంటే ఒక చోటు దానికి ముందే నేర్పించి పెట్టడం. బటను నొక్కితే చాలు, తనంతట తనే అటు తిరుగుతుంది.

"లేటెన్సీ అంటే తెల్సా?" అని అడిగాడు ఒకరోజు.

"నువ్వు తినేకి పట్టే టయిము" అన్నాను.

"కాదుమే. ఈడ జరిగింది ఫోన్లో చూసేటోళ్ళకు అర నిమిషం ఎనక పోయి చేరుతాది. మనం చేత్తో తిప్పేటప్పుడు పక్కనున్న మానిటర్నే చూడాల. ఫోను చూసినామా, సచ్చినామే."

ఇంత తెలిసిన మనిషి ఏం చేశాడో వినండి.

మా కూతురు ఫెబాకు నంద్యాల అబ్బాయి రూబెన్‌తో పెళ్ళి కుదిరింది. ఫెబాను పెంచింది మా అత్త లూదియా. ఆయన పెళ్ళిళ్ళ వెంట, నేను బనగానపల్లె బడికి బస్సుల వెంట తిరుగుతుంటే, పిల్లకు జడ వేసిందీ, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకున్నదీ ఆమే. పెళ్ళి పది రోజులుందనగా అత్త జారిపడి తుంటి ఎముక విరిగింది. మంచం మీద నుంచి కదపకూడదన్నారు. పెళ్ళి వాయిదా వేద్దామంటే ఆమే ఒప్పుకోలేదు.

"నాకు తాళి కట్టేది చూపియ్యి నాయనా, సాలు" అంది కొడుకుతో. ఈయన ఆమె చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు.

మాటిచ్చాడు సరే. కెమెరా దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టమన్నాను.

"ఇంగొకరు కూచుంటే తాళి తప్పిపోతాది" అన్నాడు.

"మరి పిల్ల చెయ్యి పట్టుకోని లోపలికి ఎవరు తోడుకోనొస్తారు?"

"మీ తమ్ముడు సుబ్బరాయుడు ఉండాడు గదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడలేదని ఆయనకు తెలియనే తెలియదు. చర్చిలో ఒక కుర్చీ మీద ఇంకో కుర్చీ ఎక్కించి, నా కొత్త చీర చుట్టి, అదే ఫెబా అనుకుని, మూడో నంబరు బటనుకు తాళి కట్టే చోటు నేర్పిస్తున్నాడు.

పెళ్ళిరోజు చర్చి లోపలే చివర, తలుపు పక్కన బల్ల వేసుకుని కూర్చున్నాడు. ముందు మానిటర్, చేతికింద కెమెరాను తిప్పే పుల్ల. అంతవరకు బాగానే ఉంది. కానీ అమ్మకు ఏం కనబడుతోందో తనకూ కనబడాలని ఫోన్లో లైవ్ పెట్టి, ఆ ఫోన్ను తీసుకెళ్ళి సరిగ్గా మానిటర్‌కు ఆనించాడు. ఇక చూపంతా దాని మీదే.

సుబ్బరాయుడు ఫెబా చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాడు. ఫోన్లో ఇంకా ఖాళీ దారే ఉంది. పిల్ల ఏదని ఈయన కెమెరాను కుడికి తిప్పాడు. ఫోన్లో కదలిక లేదు. ఇంకా తిప్పాడు. పైకెత్తాడు. అర నిమిషం తర్వాత ఫోన్లో ఫ్యాను వచ్చింది. కంగారుపడి కిందికి దించితే, ఇంకో అర నిమిషానికి మా చిన్నాయన బట్టతల వచ్చింది. ఇలా వెతుకుతుండగానే ఫెబా పీఠం దగ్గర నిలబడి ప్రమాణం కూడా చేసేసింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందు వరసలో కూర్చుని నేను పెళ్ళి బాగా జరుగుతోందనుకుంటున్నాను.

పాస్టరయ్యగారు తాళి చేతికిచ్చారు. ఈయన మూడో నంబరు నొక్కాడు. కెమెరా బుద్ధిగా తిరిగి పిల్ల మెడ దగ్గర ఆగింది. రూబెన్ ముళ్ళు వేశాడు. ఫోన్లో మాత్రం మా చిన్నాయన బట్టతలే. తాళి తప్పిపోయిందనుకున్నాడు ఈయన. కుర్చీ తన్నేసి లేచాడు.

"రూబెనూ, ఆగప్పా. ఆ ముళ్ళు ఇప్పు. ఇంగోసారి కట్టు."

చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. మా అల్లుడు ఎంత మంచివాడంటే, మామ చెప్పాడని నిజంగానే ముడి కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఫెబా అతని చేతి మీద ఒక్కటిచ్చింది.

పాస్టరయ్యగారు కళ్ళద్దాలు తీసి, "సంజీవయ్యా, ఇది దేవుని సన్నిధప్పా. ఈడ ఒగసారే కట్టేది" అన్నారు.

జనం పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది. ఆ మనిషిని నాలుగు దులిపేద్దామని విసవిసా వెనక్కి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి ఫోన్లో తాళి కడుతున్నారు. రూబెన్ వేళ్ళు, పసుపుతాడు, ఫెబా వంచిన మెడ, అన్నీ నిండుగా, స్పష్టంగా ఉన్నాయి. ఈయన కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తిడదామని వచ్చినదాన్ని, నేనూ వంగి ఆ ఫోన్లోకే చూశాను.

పాటలవాళ్ళు పాట అందుకున్నారు. అంతలో ఆళ్ళగడ్డ నుంచి ఫోనొచ్చింది. అత్త దగ్గర కూర్చోబెట్టిన పక్కింటి నాగజ్యోతి చేసింది. ఈయన నా ఫోను లాక్కున్నాడు.

"కనపడిందా మా?"

"కనపడింది నాయనా. బాగా చూసినా" అంది అత్త. "నీ అరుపు గూడ ఇనపడింది. నువ్వే యాడా కనపళ్యా."

"నీకు చూపిచ్చాలని ఈడ కూచున్యా మా."

"నాకు చూపిచ్చేకి నువ్వు చూడకపోతివేమిరా. పిల్ల కనపడినప్పటి సంది ఎనక్కి తిరిగి తిరిగి చూస్తాంది. నేను మంచంలో ఉండి చూసినా. నువ్వు చూళ్యా?"

 ఈయన తలెత్తి, ఫోనూ మానిటరూ కాకుండా, నేరుగా ముందుకు చూశాడు. ఫెబా అప్పుడు కూడా ఇటే చూస్తోంది. ఫోను నా చేతిలో పెట్టి లేచాడు. పోతూ పోతూ చొక్కా సర్దుకున్నాడు. నేను ఆయన కుర్చీలో కూలబడ్డాను.

ఆయన వెళ్ళి పక్కన నిలబడగానే ఫెబా ఆయన భుజం మీద తల పెట్టేసింది. పట్టేసిన భుజమే. ఆయన కదల్లేదు.

"ఏమే హేమలతా, ఇంగా రాలేదే వాడు" అంది ఫోన్లో అత్త.

నా కళ్ళెదుట ఇద్దరూ ఏడుస్తున్నారు.

"వస్తాండాడత్తా. చూస్తా ఉండు" అన్నాను.