సూర్యుడు మనవాడేనట

మేం వలస వచ్చిన ఈ చలిదేశంలో, చైనావాళ్ళ కొత్త సంవత్సరం వస్తోందంటే, జనవరి చివరికల్లా మార్కమ్ మాల్‌లో వేయించిన నువ్వుల వాసన మొదలవుతుంది, ఎర్ర లాంతర్లు వేలాడతాయి, వాటి కింద మనవాళ్ళు ఈ ఏటి గుర్తయిన అట్టగుర్రంతో సెల్ఫీలు దిగుతూ, చైనావాళ్ళ కేలండర్ కూడా మన పంచాంగంలోంచి కొట్టేసిందేనని పక్కవాళ్ళకు బోధిస్తుంటారు. ఈ తెలివి నాకు కొత్త కాదు. ఐదో తరగతిలోనే మా ఇంట్లో కడుపునిండా విన్నాను.

మా పక్కింట్లో వాంగ్ తాత ఉండేవారు. చైనాలో బడిపిల్లలకు భూగోళం చెప్పి, రిటైరయ్యాక కూతురి దగ్గరికి వచ్చినవారు. చలికాలం సెలవుల్లో పెరట్లో మంచు ఊడ్చి, కర్ర పాతి, మధ్యాహ్నం నన్నూ తన మనవరాలు మేయ్‌నీ పిలిచి, నీడ ఎక్కడిదాకా పడిందో అక్కడ గులకరాయి పెట్టించేవారు. వేళ్ళు కొయ్యబారితే నారింజ తొక్కలు వేసి మరిగించిన టీ ఇచ్చి, అన్నిటికన్నా పొడవైన నీడ పడిన రోజును పట్టుకునే తన పూర్వీకులు ఏడాది లెక్క కట్టారని, ఎముకల మీద రోజుల పేర్లు చెక్కుకున్నారని, చంద్రుడి నెలలు సూర్యుడి ఏడాదికి చాలక అప్పుడప్పుడూ ఒక నెల చేర్చారని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేవారు. ఆ ఆఖరి మాట అమ్మకు చెబితే, "మన అధిక మాసం లాంటిదేనే అది" అని మురిసిపోయి, ఆ ఉగాదికి ఆయన్ను భోజనానికి పిలిచింది.

అదే భోజనానికి నాన్న ఆఫీసులో మేనేజరూ, తెలుగు సంఘానికి ప్రెసిడెంటూ అయిన రావు అంకుల్ వచ్చాడు. పంచాంగం తలకిందులుగా పట్టుకున్నా తేడా తెలియని మనిషి. పులిహోర నములుతూ, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు ఒక్కో ఇంగ్లీషు ముక్కా సాగదీసి, మీ కేలండరంతా మేం నేర్పిందేనని వాంగ్ తాతకు చెప్పాడు. మన బౌద్ధ సన్యాసులు మోసుకెళ్ళారట. ఆ ఎముకలు బుద్ధుడికన్నా వందల ఏళ్ళు పాతవని అంకుల్‌కెవరు చెప్పాలి? ప్రమోషన్ కోసం కాచుకున్న నాన్న పళ్ళన్నీ బయటపెట్టి తలూపాడు.

వాంగ్ తాత చెంచా కింద పెట్టారు. "మాకూ సూర్యుడు ఉండేవాడండీ," అన్నారు మెల్లగా, తన ఇంగ్లీషులో. అంకుల్ అది జోకనుకుని నవ్వాడు.

అందరూ వెళ్ళాక నాన్న, ఇక నేను ఆ పెరట్లోకి పోకూడదని, అంకుల్‌కి తెలిస్తే బాగోదని అన్నాడు. అమ్మ గిన్నెలు సర్దుతూనే, "రేపు నేనే తీసుకెళ్తా. మీ రావుగారికి చెప్పుకోండి," అంది. మర్నాడు చీర మీద నాన్న కోటు తొడుక్కుని, నా చెయ్యి పట్టుకుని వెళ్ళి, వాంగ్ తాతకు క్షమాపణ చెప్పింది. ఆ ఏడాదంతా మాతో పాటు తనూ రాళ్ళు పెట్టింది. ప్రమోషన్ అంకుల్ బావమరిదికి వచ్చింది.

వాంగ్ తాత పోయి చాలా ఏళ్ళయింది, మేయ్ వాళ్ళు ఎప్పుడో ఊరు మారారు. వెనక లేచిన కాండో అపార్ట్‌మెంట్ల టవర్లు ఆ పెరట్లోకి చలికాలపు ఎండను రానివ్వవు. అక్కడిప్పుడు కర్ర పాతినా నీడ పడదు. మొన్న ఆ ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఏజెంట్ పంచిన కాగితంలో "రోజంతా ఎండ పడే పెరడు" అని ఉంది. మనవాళ్ళే కొందరు వచ్చి, కిచెన్ కౌంటరు గోటితో గీకి చూశారు గానీ, ఒక్కరూ తలెత్తి ఆకాశం వైపు చూడలేదు.