ఒక్కసారి బతిమాలితే ఎవరుంటారు?

మా చెల్లెలు వీడియో గేమ్ తయారుచేస్తోందని తెలిసినప్పుడు ఇంట్లో అందరం సంతోషించాం. అందులో ఉన్నది మేమేనని తెలిశాక సంతోషం కొంచెం తగ్గింది.

ధవళేశ్వరంలో మా ఇంటికి మేడ మీద ఒకటే గది. ఆ గదిలో తలుపేసుకుని, ఎక్కడో ఉన్న ఇద్దరు స్నేహితులతో ఫోన్లో పోట్లాడుతూ, రెండేళ్లపాటు అది ఈ ఆట మీదే కూర్చుంది. ఇందులో కార్లు గుద్దుకోవు. ఎవర్నీ కాల్చనక్కర్లేదు. లాక్‌డౌన్‌లో ఒక ఇల్లు, ఇంట్లో మనుషులు, అంతే. ఎవరైనా ఒక మాట అనగానే తెర మీద రెండు మూడు జవాబులు వస్తాయి, వాటిలో ఒకటి నొక్కాలి. నొక్కినదాన్నిబట్టి ఇంట్లో ఉక్క పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. తగ్గడం అన్నది నేనైతే చూడలేదు.

ముందు అమ్మ చూసింది. ఆటలో అమ్మ ఎప్పుడూ వంటింట్లోనే ఉంటుంది.

"నేనేంటే, ఒక్కసారి కూడా బయటికి రానా?"

"వచ్చావా అమ్మా?"

అమ్మ కాసేపు ఆలోచించి, పోపు మాడుతోందని వెళ్లిపోయింది.

నాన్న ఆడి చూసి సరే అంటేగాని ఆట విడుదల చెయ్యనని చెల్లెలు పట్టుబట్టింది. నాన్న కాలువల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. మౌస్ పట్టుకోవడం రాదు. నేర్పిస్తానంటే "నువ్వున్నావుగా" అన్నారు. అలా రోజూ రాజమండ్రిలో ఆఫీసు ముగించుకుని వచ్చి, చొక్కా అయినా మార్చకుండా, నాన్న పక్కన కూర్చుని నాన్నగా నటించే ఉద్యోగం నాకు పడింది.

కథ మాకు తెలిసిందే. లాక్‌డౌన్ మొదలవడానికి ముందు మా అత్తయ్య, అంటే నాన్న చెల్లెలు, మావయ్యతో కలిసి మొగల్తూరు నుంచి రెండ్రోజుల కోసం వచ్చి ఇరుక్కుపోయింది. మాది లూథరన్ ఇల్లు, మావయ్య వాళ్లది బాప్టిస్టు. మామూలు రోజుల్లో అదేమంత విషయం కాదు, మధ్యలో గోదావరి ఉంటుంది. లాక్‌డౌన్‌లో మధ్యలో టీవీ రిమోట్ ఒక్కటే ఉంది. ఆదివారం ఒకే టీవీలో రెండు చర్చిల ఆరాధనలూ రావాలి. మావయ్య వాళ్ల చర్చిలో డ్రమ్స్ వాయిస్తారు. డ్రమ్స్‌ని దేవుడు భరిస్తాడేమోగాని తనవల్ల కాదన్నారు నాన్న.

అయినా అసలు గొడవ దేవుడి గురించి రాలేదు, రొయ్యల గురించి వచ్చింది. అత్తవారింట్లో ఊరికే తింటున్నామన్న మొహమాటంతో మావయ్య ఓ పొద్దున్న ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్లి రొయ్యలు పట్టుకొచ్చారు. నాన్న ఆ రొయ్యల్ని పసుపు నీళ్లలో ముంచి కడిగించి, వేపుడు చేయించుకుని తిన్నారు. మావయ్యను మాత్రం మేడ మీది గదికి పంపించి, కంచం, గ్లాసు వేరు పెట్టించారు. ఇంటి అల్లుడికి కంచం వేరు పెట్టడమంటే మా వైపు చిన్న విషయం కాదు. ఆ వేళ మా ఇంట్లో అల్లుడికంటే రొయ్యలకే ఎక్కువ మర్యాద జరిగింది.

మర్నాడు మావయ్య బ్యాగు పట్టుకుని కిందికి దిగారు. "వెళ్లొస్తామండి బావగారూ" అన్నారు.

"ఉండొచ్చు కదండీ" అన్నారు నాన్న.

అక్కడితో ఆపేశారు. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లెవరికైనా తెలుసు, అది బతిమాలడం కాదు, అభిప్రాయం చెప్పడం. మొదటిసారి ఉండమన్నప్పుడు కాదనడం చుట్టం మర్యాద. రెండోసారి అన్నప్పుడు "లేదండీ, పనులున్నాయి" అని గొణగాలి. మూడోసారి ఇంటాయన కోప్పడి, బ్యాగు లాక్కుని లోపల పెట్టేయాలి. అప్పుడు చుట్టం "మీరంతలా అంటే…" అని కూర్చుంటాడు. ఈ పద్ధతి తెలియని మనిషి కాదు నాన్న. మావయ్య కూడా తన వంతు ప్రయత్నం తాను చేశారు. చెప్పు పట్టీ సరిగ్గానే ఉన్నా చాలాసేపు సర్దుకున్నారు. నాన్న మాస్కు వేసుకుని గుమ్మంలో అలాగే నిలబడ్డారు. అత్తయ్య ఇద్దర్నీ చూసి, ముందుగా మెట్లు దిగేసింది. కూరగాయల వ్యానులో, చెక్‌పోస్టుల దగ్గర దిగుతూ ఎక్కుతూ, ఎలాగో ఊరు చేరారు. ఆ తర్వాత మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. క్రిస్మస్‌కి ఫోన్లో ఒక నక్షత్రం బొమ్మ వస్తుంది, మేమూ ఒక నక్షత్రం బొమ్మ పంపుతాం.

ఆటలో ఆ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి రెండే జవాబులు వచ్చాయి. ఒకటి 'ఉండొచ్చు కదండీ', రెండోది ఏమీ మాట్లాడకపోవడం. నేను మొదటిది నొక్కాను. తెర మీది మావయ్య వెళ్లిపోయారు.

"మళ్లీ నొక్కు" అన్నారు నాన్న.

"ఒక్కసారే నాన్నా, ఇంక రాదు."

"రాకపోవడమేంటి? ఒక్కసారి బతిమాలితే ఎవరుంటారు? కంప్యూటర్‌కి ఆ మాత్రం తెలీదా?"

మర్నాడు మొదటినుంచీ ఆడించారు. డ్రమ్స్ పెట్టుకోనిచ్చారు. రిమోట్ మావయ్య చేతికిచ్చారు. పాల ప్యాకెట్లు సబ్బుతో కడిగే విషయంలో రాజీపడ్డారు. నిజమైన ఇంట్లో చూపించని సహనమంతా నా చూపుడువేలు చేత చూపించారు. అయినా గుమ్మం దగ్గర అదే ఒక్క మాట. ఆ మర్నాడూ అంతే. నేను ఆఫీసులో కూడా ఎవరైనా "వెళ్లొస్తానండి" అంటే ఉలిక్కిపడే స్థితికి వచ్చాను.

నాన్న మేడెక్కి చెల్లెల్ని అడిగారు. "రెండోసారి అడిగేది కూడా పెట్టమ్మా."

"మీరు అడగలేదు కదా నాన్నా."

"అడుగుదామనే అనుకున్నాను."

"అనుకున్నవి కూడా పెడితే ఈ ఆట ఎప్పటికీ అవ్వదు. జరిగింది అదే కదా."

దాంతో మాటలు ఆగిపోయాయి. వాళ్లిద్దరివి మాత్రమే. నాకు రెట్టింపయ్యాయి. "దాన్ని అడుగు, తండ్రిని లోకం ముందు నిలబెడతావా అని." మెట్లెక్కాను. "లోకానికి మీరెవరో తెలీదని చెప్పు." మెట్లు దిగాను. "లోకానికి తెలీకపోతే పోయింది, మొగల్తూరుకి తెలుసు. మా చెల్లెల్ని నేనే పంపేశానని ఆట కట్టి చూపిస్తున్నామనుకుంటుంది. ఇంక జన్మలో రాదు."

అప్పటికిగాని నాకు అర్థం కాలేదు, ఈయన బెంగ ఆట గురించి కాదు. అర్థమయ్యాక విసుగు తగ్గాలి. తగ్గలేదు. మర్నాడు మళ్లీ మొదటినుంచీ ఆడించబోతుంటే మౌస్ బల్ల మీద పెట్టేశాను.

"నాన్నా, ఈ బొమ్మ మావయ్యని బతిమాలడం దేనికి? ఆయనకి ఫోనుంది."

"ఇన్నేళ్లయ్యాక ఏమని చెయ్యనురా?"

జవాబు వంటింట్లోంచి వచ్చింది, అమ్మతో సహా. చేతిలో ఫోను, అప్పటికే అవతల మోగుతోంది. స్పీకర్ పెట్టి నా చేతికిచ్చింది.

"బావగారూ, బావున్నారా?" అన్నారు నాన్న.

"ఆ, బావున్నామండి. మీరెలా ఉన్నారు?"

"ఓసారి రాకూడదూ."

నేను కళ్లు మూసుకున్నాను. మళ్లీ అభిప్రాయమే.

"ఎక్కడండీ, రొయ్యల చెరువుల దగ్గర అస్సలు తీరట్లేదు."

నాన్న నా వైపు చూశారు. తెర కింద జవాబులు వస్తాయేమోనన్నట్టు ఎదురుచూశారు. రాలేదు. అమ్మ "అడగండి" అని పెదవులు మాత్రం కదిపింది.

"తీరిక చేసుకోవాలి మరి. రండి."

"చూద్దాం లెండి. ఎండలు కూడా మండిపోతున్నాయి కదా."

"ఏంటండీ ఎండలు!" నాన్న లేచి నిలబడి అరిచారు. "ఎవరికీ లేని ఎండలు మీకే ఉన్నాయా? మీరు రాకపోతే నేనే వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాను. పొమ్మన్నా పోను!"

మేడ మెట్ల మీద చెల్లెలు సగం దాకా దిగి ఆగిపోయింది.

"మీరంతలా అంటే…" అన్నారు మావయ్య. ఫోను చేతులు మారింది.

"ఎందుకన్నయ్యా అలా అరుస్తావు? బీపీ మాత్ర వేసుకున్నావా?" అత్తయ్య.

"నేనెక్కడ అరిచాను?"

"అరిచావులే. ఆ రోజు కూడా ఇలా అరిచుంటే సరిపోయేది కదా."

నాన్న కుర్చీలో కూర్చున్నారు. "ఆ రోజు మాస్కు ఉంది కదమ్మా" అన్నారు.

ఆవిడ నవ్విందో, ముక్కు చీదిందో ఫోన్లో తెలియలేదు. శనివారం వస్తామంది. ఆ తర్వాత ఇద్దరూ అక్కడెండ ఎక్కువా ఇక్కడెండ ఎక్కువా అని చాలాసేపు వాదించుకున్నారు. ఫోను పట్టుకుని నిలబడ్డ నా చెయ్యి తిమ్మిరెక్కింది.

ఫోను పెట్టేశాక చెల్లెలు మిగిలిన మెట్లు దిగి వచ్చింది. "నాన్నా, రెండోసారి అడిగేది పెట్టమంటారా మరి?"

"వద్దులే. అలాగే విడుదల చేసుకో. జరిగింది అదే కదా" అన్నారు నాన్న, ఆ మాట తనకే తోచినట్టు.

ఇన్నాళ్లూ మెట్లెక్కి దిగుతూ ఆయనకు నేను చేరవేస్తున్న మాట అదే. ఆ సంగతి గుర్తుచేద్దామని నోరు తెరిచాను. కానీ శనివారం చుట్టాలు వస్తున్నారు. కొంత ఓపిక మిగుల్చుకోవడం మంచిదనిపించి ఊరుకున్నాను.